జరగని పాఠాలను అనుమతి లేకుండా జరిపినందుకు

మోర్‌హాఫెన్, జూన్ 12, గురువారం

శ్రీయుత పరిపాలనాధిపతి గారి సముఖమునకు,
మోర్‌హాఫెన్ విశ్వవిద్యాలయం.

అర్జీదారు: డాక్టర్ ఒన్నో ట్యార్క్స్, పార్ట్‌టైమ్ అధ్యాపకుడు, చరిత్ర విభాగం. విభాగంలో గది లేదు గనుక ప్రస్తుత చిరునామా: రెండో అంతస్తు, ఉత్తరం వైపు కిటికీ గట్టు.

అయ్యా,

విషయం: ఒకే రోజున, ఒకే సంతకంతో నాకు అందిన రెండు ఉత్తరాలు ఒకదానినొకటి అబద్ధం చేయుచున్నందున, వాటిలో ఏది నిజమో నిర్ణయించి, రేపు మధ్యాహ్నం పన్నెండు గంటలలోపు నా బోధనాధికార పట్టాన్ని నిలబెట్టవలసినదిగా మనవి.

1. నేను తమ విశ్వవిద్యాలయంలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. పదహారేళ్లలో ముప్పై రెండు ఒప్పందాలు. ప్రతి మార్చి ఆఖరున నా ఉద్యోగం చచ్చిపోయి ఏప్రిల్‌లో పుడుతుంది, సెప్టెంబరు ఆఖరున మళ్లీ చచ్చిపోతుంది. బారసాలలే తప్ప దానికి ఇంతవరకు ఒక్క పుట్టినరోజూ జరగలేదు. సోమ మంగళవారాలు బ్రెమెన్‌లో ఒక కళాశాల, శుక్రవారం లేయర్‌లో ఇంకొకటి, మధ్యలో తమ దగ్గర. ఈ పేరా ఇవాళ పొద్దున రైల్లో నిలబడి రాశాను. అక్షరాలు వంకరపోయినందుకు రైలునే తప్పుపట్టవలెను.

ఇప్పుడు మా విభాగంలో శాశ్వత అధ్యాపక పదవి ఒకటి ప్రకటించారు. నా ఎరుకలో అలాంటిది ఇదే మొదటిది. నాకు యాభై రెండేళ్లు గనుక నా వరకు ఇదే ఆఖరిది. షరతులు రెండు: బోధనాధికార పట్టం చెల్లుబాటులో ఉండాలి, గడచిన పదేళ్లలో బోధనకు ఎక్కడా అంతరాయం ఉండకూడదు. దరఖాస్తుకు గడువు రేపు పన్నెండు గంటలు. గడియారం కిటికీకి ఎదురుగానే ఉంది, దాన్ని చూడకుండా రాయడం నా వల్ల కావడం లేదు.

2. సదరు పట్టం నిలవాలంటే ఏడాదికి ఒక కోర్సు జీతం తీసుకోకుండా చెప్పాలన్నది తమకు తెలిసిన నియమమే. దాని గురించి నేను ఫిర్యాదు చేయడం లేదు. పదహారేళ్లుగా చెబుతూనే ఉన్నాను. పోయిన శీతాకాలం చెప్పిన కోర్సు పేరు 'ఊబి నేలల చరిత్ర'. మన ఊరి చుట్టూ ఉన్న ఊబి, అందులోంచి పొయ్యిలోకి, ఎండితే కట్టెలా మండే నల్లమట్టి కోసుకుని బతికిన జనం, వాళ్లకు భూమి ఇస్తామని తీసుకొచ్చి నీళ్లలో దించిన దొరలు, ఇదీ పాఠం. నలుగురు విద్యార్థులు పేర్లు ఇచ్చారు. కనీసం ఐదుగురు ఉండాలి. నవంబరు ఒకటిన కంప్యూటర్ ఆ కోర్సును రద్దు చేసింది.

కాని ఆ తరువాతి బుధవారం మధ్యాహ్నం రెండు గంటలకు ఆ నలుగురూ నేల కింది 014 గదిలో కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఒకమ్మాయి పొలం పనుల బూట్లతోనే వచ్చింది. వాళ్ల మొహం మీద తలుపేసి వెళ్లడానికి నాకు మనసొప్పలేదు. అక్కడినుంచి ఫిబ్రవరి దాకా పన్నెండు బుధవారాలు, ఒక్కటి తప్పకుండా, చెప్పాను.

3. జూన్ 3న నాకు రెండు ఉత్తరాలు అందాయి. మొదటిది: 'శీతాకాలంలో మీరు ఏ కోర్సూ బోధించనందున మీ బోధనాధికార పట్టాన్ని రద్దు చేయుటకు నిర్ణయించడమైనది.' రెండవది: 'శీతాకాలంలో పన్నెండు పర్యాయములు 014 గదిలో అనుమతి లేకుండా బోధన జరిపినందుకు మిమ్మల్ని ఇందుమూలంగా హెచ్చరించడమైనది.' ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెంటికీ సంతకం న్యాయ విభాగపు ల్యూకెన్ గారిదే. నేను పరుగున ఆయన దగ్గరికి వెళ్లాను.

"మీరు పాఠం చెప్పలేదని కంప్యూటర్లో ఉంది కదండీ," అన్నారు.

"మరి చెప్పినందుకు హెచ్చరిక ఎలా ఇచ్చారు?"

"అది భవనాల సెక్షనండీ. మాది పట్టాల సెక్షను."

"రెంటికీ సంతకం మీదేగా!"

"సంతకం నాదే. సెక్షన్లు వేరు," అని ఎంతో ఓర్పుగా చెప్పారు. "మీరు చెప్పలేదని ఒప్పుకుంటే హెచ్చరిక కొట్టేయిస్తాను. రికార్డు శుభ్రంగా ఉంటుంది."

పదవి మంజూరు చేసింది తమరు, ఉత్తరాలు రాసింది ఆయన. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది.

4. కావున రెండవ ఉత్తరాన్నే నా సాక్ష్యంగా సమర్పించుకుంటున్నాను. దానికి జతపరచిన పన్నెండు పుటలు మా భవన సంరక్షకురాలు శ్రీమతి గెజీనె ఉబ్బెన్ గారు ఇంటిపుస్తకంలో రాసినవి. భవనంలో ఏ గది ఎప్పుడు తెరిచారో రాయడం ఆమె విధి. తారీఖు, గంట, మనుషుల సంఖ్య, విషయం, అన్నీ ఉన్నాయి. ఒకచోట 'విషయం: కాలువల తవ్వకం. బాగుంది' అని కూడా ఉంది.

ఉన్నదున్నట్టు మనవి చేసుకుంటాను. ఈ పుటలు న్యాయ విభాగానికి వెళ్తున్నాయని జనవరిలో తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండిపోయింది. నవంబరులోనే ఆమె గుమ్మంలో నిలబడి, "డాక్టరు గారూ, ఈ గది ఖాళీ అని ఉందండీ కంప్యూటర్లో," అంది. "ఖాళీ గదిలో కూర్చుంటే ఎవరికి నష్టమండీ?" అన్నాను. ఆమె వెళ్లలేదు. వెనక గోడకు ఆనుకుని, తాళాల గుత్తి చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని, పాఠం అయ్యేదాకా నిలబడింది. తరువాత ప్రతి వారం అంతే. కాపలా కాస్తోందనుకున్నాను. జనవరి నుంచి ఆమె 'మొయిన్' అని పలకరిస్తే బదులు పలకడం మానేశాను. మన వైపు ఒక మనిషికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదని తమకు తెలుసు.

పైగా సదరు రికార్డులో ఒక తప్పు కూడా ఉన్నది. పన్నెండు చోట్లా మనుషుల సంఖ్య 'ఆరు' అని రాశారు. నేను, నలుగురు విద్యార్థులు, కలిపి ఐదుగురమే. చరిత్రకారుడిగా నాకు లాభించే తప్పును కూడా ఉపేక్షించలేను గనుక, దానిని 'ఐదు' అని సవరింపజేయవలసినదిగా కోరుతున్నాను.

5. ఇక నా పదహారేళ్ల సేవలో విద్యార్థుల అభిప్రాయ సేకరణలలో నాకు లభించిన

కాగితం అయిపోయింది. సంచి అడుగున వెతికితే విప్పని కవరొకటి దొరికింది. ఉబ్బెన్ గారు అక్టోబరులో చేతికిచ్చి, "చూసి సంతకం పెట్టివ్వండి," అన్నారు. ఆమె ఇచ్చే కాగితాలన్నీ ఒకటే పాట: కిటికీ తెరిచి వెళ్లారు, కుర్చీలు ఎత్తి పెట్టలేదు. అందుకే విప్పలేదు. మిగతాది రాద్దామని ఇప్పుడు విప్పాను. ఇకపైదంతా చింపి పరిచిన ఆ కవరు మీదే.

అయ్యా, అది కుర్చీల కాగితం కాదు.

అది అతిథి శ్రోత నమోదు పత్రం. పేరు: గెజీనె ఉబ్బెన్. వృత్తి: భవన సంరక్షకురాలు. కోర్సు: ఊబి నేలల చరిత్ర. చేరగోరు కారణం: 'మా తాత అక్కడ నల్లమట్టి కోసేవాడు. దాని గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు.' తారీఖు: అక్టోబరు 22. అధ్యాపకుని సంతకం: ఖాళీ. సంతకపు తారీఖు: ఖాళీ. అడుగున సన్నటి అక్షరాలలో: 'అతిథి శ్రోతలు కూడా కనీస సంఖ్యలో లెక్కించబడుదురు. గడువు అక్టోబరు 31.'

నలుగురూ ఒకరూ ఐదుగురు. నా కోర్సును రద్దు చేసింది తమ కంప్యూటర్ కాదు. నేనే. ఎనిమిది నెలలుగా నా ఉద్యోగాన్ని నేనే సంచిలో వేసుకుని రైళ్లలో తిప్పాను.

6. నాలుగవ పేరాలో కోరిన సవరణను ఉపసంహరించుకుంటున్నాను. ఆరే నిజం. ఆ ఆరో మనిషి గోడకు ఆనుకుని ఉంది. అక్టోబరులో, కోర్సు ఇంకా రద్దు కాని మొదటి వారం, నేను నల్లబల్ల మీద ఊబిలో దిగినవాళ్ల పాత సామెత సగం రాసి, 'మొదటి తరానికి చావు, రెండో తరానికి లేమి,' అని ఆగితే, గదిలో హీటరు చూడటానికి వచ్చిన ఆమె గుమ్మంలోంచే, "మూడో తరానికి రొట్టె. మా తాత అనేవాడు. ఆయనది రెండోది," అంది. అది గుర్తుండి కూడా నాకు తట్టలేదు. కంప్యూటర్లో ఖాళీ అని రాసి ఉన్న గదికి వేడి పెట్టరు. డిసెంబరంతా 014 వెచ్చగా ఉంది. ఎవరు పెడుతున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుగా ఉంది.

ఆరింటికి భవనం మూయాలి. తాళాల చప్పుడు మెట్లెక్కి వచ్చింది. నేను పత్రం చూపించాను.

"ఇది కుర్చీల గురించి అనుకున్నానండీ," అన్నాను.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. "విప్పనే లేదా? నేనింకా చదివి వద్దనుకున్నారేమో అనుకున్నా. తాళాలు తిప్పేదానికి ఈ వయసులో చదువేంటని."

"మళ్లీ ఒక్కసారి అడగొచ్చు కదా ఉబ్బెన్ గారూ!"

"రెండోసారి అడగడం మా ఇంటా వంటా లేదు. అయినా వారం వారం మొయిన్ అంటూనే ఉన్నాగా. పలకనిది మీరు."

"మరి ఆ పుస్తకంలో నా మీద అంత రాశారెందుకు?"

"మీ మీదా? మీ కోసం రాశా. కంప్యూటర్ చెరిపేస్తే చెరిపేస్తది. నా పుస్తకం సిరాతో ఉంటది." తరువాత నా చేతిలోని కలం చూసి, గొంతు తగ్గించింది. "తారీఖు గడి ఖాళీగానే ఉంది కదా. అక్టోబరు అని వేసేయండి. ఎవడు చూడొచ్చాడు?"

అయ్యా, నేను కలం ఆనించాను. రేపు పన్నెండు గంటల సంగతి, సెప్టెంబరు ఆఖరు సంగతి, బ్రెమెన్ రైలు సంగతి అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. వేస్తే ఎవరికీ తెలియదు. కాని ఆ శీతాకాలమంతా నేను ఆ గదిలో చెప్పిందే అది: ఊబిలో దించబడినవాళ్ల ఒప్పందాలకు దొరలు తారీఖులు ఎలా వెనక్కి మార్చారో, దానివల్ల ఎవరి పొలం ఎవరికి పోయిందో. ఆమె కూడా నిలబడి విన్నది. ఆమె తాత పొలమే అయి ఉండవచ్చు.

జూన్ 12 అని వేశాను.

"మీ మొండితనం తగలెయ్య," అంది.

7. కావున తమను కోరేది ఇది. ఈ పత్రాన్ని గడువు మీరినది అని తోసేయవద్దు. గడువు మీరినది నేను, ఆమె కాదు. ఆమె అక్టోబరు 22నే రాసిచ్చింది. పన్నెండు వారాలూ వచ్చి విన్నదనడానికి పన్నెండు పుటల సిరా సాక్ష్యం ఉంది. ముందు ఆమెను ఆ కోర్సు శ్రోతగా నమోదు చేయించండి. ఆమె ఐదవది అయితే కోర్సు జరిగినట్టే, పట్టం ఉన్నట్టే, దరఖాస్తుకు నేను అర్హుడినే. ఇదంతా పన్నెండు గంటల లోపల కావాలి. నాకు ఆ పదవి కావాలి. ఇంతసేపు 'మనవి', 'సదరు' అంటూ దాన్ని దాచాను. చాలా కావాలి. ఒక గది, ఒక బల్ల, వచ్చే ఏడాది కూడా ఇక్కడే ఉంటానని విద్యార్థికి చెప్పగలిగే నోరు.

ఈ వంకర అక్షరాల విన్నపాన్ని రేపటి గడియారం కొట్టకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు (సెప్టెంబరు 30 వరకు),
ఒన్నో ట్యార్క్స్

జతపరచినవి: ఉత్తరాలు రెండు, ఇంటిపుస్తకం పుటలు పన్నెండు, నమోదు పత్రం ఒకటి, అడుగున సంచిలోని కాఫీ మరక ఒకటి.

తా.క. (వేరే చేతిరాతలో)

గురువారం, 17:50. రెండో అంతస్తు, ఉత్తరం కిటికీ. మనుషులు: ఇద్దరు. విషయం: అర్జీ. డాక్టరు గారు ఇవాళ్టి తారీఖే వేశారు, నేను వద్దన్నా వినకుండా. పక్కనే ఉండి చూశాను. మీరు ఏ ఉత్తరం పంపినా సరే, అక్టోబరులో బుధవారం రెండింటికి 014 తెరుస్తాను. వేడి పెట్టి ఉంచుతాను. ఈసారి కూర్చుంటాను.

గె. ఉబ్బెన్, భవన సంరక్షకురాలు