కాలనీ అంతటికీ ఒక్క దుప్పి

రాయపూర్, 1953 డిసెంబరు, ఆదివారం రాత్రి

అడవిలో దుప్పులు తగ్గిపోయాయని ఫారెస్టు వాళ్ళు ఈసారి మా రైల్వే కాలనీ అంతటికీ ఒక్కటే వేట పర్మిట్ ఇచ్చారు. చీటీలు వేస్తే పక్కింటి గార్డు అప్పారావుగారికి వచ్చింది. ఇన్నేళ్ళూ మా ఆయన దుప్పిని కొట్టుకొస్తే ఇంటింటికీ మాంసం పంచిన చేతులు నావి. ఈ సాయంత్రం అప్పారావుగారి భార్య సత్యవతి మోదుగాకు పొట్లం పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చింది.

"ఇదిగో వదినా, మీ హిస్సా. జల్దీ వండీసుకో, పాడైపోద్ది," అంది.

మా హిస్సా అట! విప్పి చూస్తే సగం ఎముకలే. తొడ ముక్క స్టేషన్ మాస్టరుగారింటికి వెళ్ళిందని నాకు తెలీదా? నేనూ అలాగే పంపేదాన్ని.

వండి వడ్డిస్తే ఈయనకి సిగ్గైనా లేదు. "బాగుందే, ఇంకో రెండు ముక్కలు వెయ్యి," అన్నారు. గరిటె కంచంలో పడేసి లేచిపోయాను.

వచ్చే ఏడు ఆ ఒక్క పర్మిట్టూ ఇవ్వరట. దుప్పులు పెరిగితేనే మళ్ళీ ఇస్తారట. పెరిగితే చీటీ మళ్ళీ సత్యవతి మొగుడికే రావచ్చు. పెరగకపోతే ఈయన తుపాకీ మూలపడ్డట్టే. దేవుడి ముందు నిలబడితే ఏం కోరుకోవాలో చాలాసేపు తెలియలేదు. చివరికి దుప్పులు పెరగాలనే దణ్ణం పెట్టుకున్నాను.

అప్పారావుగారి గురి తప్పాలని కూడా.