మీ చేప గురించి

గోతో దీవులు, జపాన్,
అక్టోబరు 9, 1987.

కువబరా గారికి,

నమస్కారాలు. ఎండలు తగ్గాయి, పొద్దున్నే సముద్రం మీంచి చల్లగాలి వస్తోంది. మీరూ, మీ ఇంటావిడా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ మేం క్షేమం. గాలాలు వేయడానికి వచ్చేవాళ్ళతో మా బసలో గదులన్నీ నిండుగానే ఉన్నాయి.

మీ అరవై ఏళ్ళ పండగకి మన ఆనవాయితీ ప్రకారం ఎర్ర కోటు కుట్టించారనీ, ఆ రోజు మిత్రులందరినీ మా బసకే తీసుకొస్తామనీ రాశారు. చాలా సంతోషం. వసంతంలో మీరు పట్టి, బతికే ఉంచండి, నా పండగనాడు కోద్దాం అని మాకప్పగించిన ఇషిదై చేప బాగుందా అని అడిగారు. బాగుంది. మరీ బాగుంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

మొదట్లో అది తిండి ముట్టలేదు. వంటగది ముందున్న తొట్టి మీరు చూసిందే, నాలుగు అద్దాలు, ఒక గాలి గొట్టం. ఇవాళ వచ్చి రేపు పళ్ళెంలోకి పోయే చేపలకి అది చాలు. దీనికి చాల్లేదు. అద్దానికి రుద్ది రుద్ది ముక్కు పుండు చేసుకుంది. గొట్టం కొరికేసింది. దిగులుపడ్డ చేప మాంసం చప్పగా ఉంటుంది కదా. అందుకని, మీ విందు కోసమేనండీ, రేవులో గుట్టలుగా పడుండే, ఆక్టోపస్‌లు పట్టే పాత కుండల్లోంచి ఒకటి తెచ్చి తొట్టిలో పెట్టాను.

అది కుండ చుట్టూ తిరిగింది, లోపలికి దూరింది, బయటికొచ్చి నా వంక చూసింది. ఆ పూటే తిండి తిన్నది. అక్కణ్ణించి నాకదో వ్యసనమైపోయింది. ఒలిచిన మాంసం మానేసి, మూత బిగించుకున్న నత్తగుల్లలు వేశాను. వాటిని కుండకేసి బాది పగలగొట్టుకోవడం మీరు చూడాలి. తాడుతో చక్రం కట్టి వేలాడదీస్తే రెండ్రోజుల్లో, కాదు కాదు, ఒక్కరోజులోనే అందులోంచి దూరడం నేర్చింది. కుండ చాలాకాలం ఒకేచోట ఉంటే విసుగొచ్చి తనే పక్కకి నెట్టేస్తుంది. కొత్తమొహం కనిపిస్తే కుండలో దాక్కుని ఒక కంటితో గమనిస్తుంది. మా వంటింటి ఏప్రన్ కనిపిస్తే చాలు, పైకొచ్చి నీళ్ళు చిమ్ముతుంది.

మా ఆయన టొకుజీ సంగతి మీకు తెలిసిందే, పొయ్యి దగ్గర పెద్దపులి. నాకు రోజూ చివాట్లే. చేపకి బడి పెట్టావా అంటారు. రేపు కోసేదానికి ఇవాళ ఈ ముద్దులేమిటి, మతిపోయిందా అంటారు. ఆయన కత్తి నూరుకుని సిద్ధంగా ఉన్నారు. అడ్డం పడుతున్నది నేను.

కువబరా గారూ, చేప మీది. దానికోసం మీరు ఎన్నేళ్ళు గాలం పట్టుకుని సముద్రపు బండ మీద కూర్చున్నారో నాకు తెలుసు. కోయమంటే కోస్తాం. కానీ నాకు బాధగా ఉంది, దాచుకోలేను. పండగకి ముందురోజే వచ్చి, ఒక్క పూట ఆ తొట్టి ముందు కూర్చోండి. తర్వాత మీరెలా అంటే అలా.

మీ మేలు కోరే
సుమియే

తా.క.: పై ఉత్తరం మా ఆయన చదివారు. ఈ ముక్క పోస్టాఫీసులో నిలబడి, ఆయనకి తెలియకుండా రాస్తున్నాను. నేను చేశానన్నవన్నీ ఆయన చేసినవి. ఆయన పెట్టినట్టు రాసిన చివాట్లన్నీ నేను ఆయనకి పెట్టినవి. ఇన్నేళ్ళ కాపురంలో నాతో ఆడనన్ని మాటలు ఆ అద్దం ముందు గొంతుక్కూర్చుని దానితో ఆడుతున్నారు. మొన్న మీ పండగ దగ్గర పడుతోందని, కోయగలనో లేదో చూద్దామని కత్తి పట్టుకుని తొట్టి దగ్గరికెళ్ళారు. అది ఎప్పట్లాగే ఎదురొచ్చిందట. తిరిగొచ్చి కత్తి నా చేతిలో పెట్టి, "సుమియే, నావల్ల కాదే" అన్నారు.

చేపని కోయలేని వంటవాడంటే ఈ రేవులో బతకనిస్తారా? అందుకే తప్పు నా నెత్తిన వేసుకుని రాశాను. ఆయన చదివి అబద్ధమని ఒక్కమాట అనలేదు. తాడు చక్రం దగ్గర మాత్రం, రెండ్రోజులు కాదు ఒక్కరోజే అని దిద్దించారు.

మీరొచ్చాక అందరి ముందూ నన్ను నాలుగు తిట్టండి. ఈవిడ మూలంగా నా విందు పాడైందనండి, నేను పడతాను. కోయమని మాత్రం ఆయన్ని అడగకండి. అడిగితే పరువు కోసం కోసేస్తారు. ఆ తర్వాత ఇంక కత్తి ముట్టుకోరు.