నది దాటే ఆదివారం

నడీన్ అక్కా,

పాపను చూస్తానని నీ మాజీ మొగుడు వెర్లిన్ మళ్లీ ఫోన్ చేస్తే, ఈసారి సరేనను. ఆదివారం భోజనానికి రమ్మను. వేయించిన చికెన్ చేస్తానని ఆశపెట్టు.

చొక్కా కింద పిస్తోలు లేనిదే వాడు గడప దాటడు. వాళ్ల రాష్ట్రం ఇచ్చిన పిస్తోలు పర్మిట్ నది ఇవతల మన రాష్ట్రంలో చెల్లదని, పట్టుబడితే జైలేనని నిరుడే చెప్పాను. "ఏం లాయరమ్మా, మీ ఇంట్లో నువ్వొక్కదానివే చదివావని నాకే పాఠాలా? నా డ్రైవింగ్ లైసెన్సు చెల్లట్లేదూ? ఇదీ అంతే!" అని నవ్వాడు. మళ్లీ చెప్పను.

ఏ రాష్ట్రం పర్మిటైనా దేశమంతటా చెల్లాలనే బిల్లు మీద వచ్చే నెలలో ఓటింగ్. అది నెగ్గితే వాడి మాటే చట్టమవుతుంది. అందుకే ఈ ఆదివారమే కావాలి. వంతెన ఇవతలి పోలీసులకు వాడి ట్రక్కు నంబరు, పిస్తోలు సంగతి చెప్పేశాను.

"పోనీలేవే, పాప తండ్రి" అంటావని తెలుసు. అనకు. వాడు పిస్తోలు కంచం పక్కన పెట్టి, ఏడుస్తున్న నీచేత భోజన ప్రార్థన చెప్పించినప్పుడు నేను ఎదురుగానే కూర్చున్నాను. ఈసారి జైలు కూడు ముందు పెట్టుకుని ఆ ప్రార్థన వాణ్ణే చెప్పుకోనీ.

నీ చెల్లెలు