నిచ్చెన పొయ్యిలో పెట్టాను

అమ్మడూ, కార్డు చూసి కంగారుపడకు, మేమిద్దరం తిరుగుతూనే ఉన్నాం.

ఎండలు ముదరకముందే పశువుల పాక దులిపి, గోడలకు సున్నం కొట్టాం. మిగిలింది నేలలోకి లోతుగా కట్టిన పేడ తొట్టి ఒక్కటే. నిరుడు ఇదే పనికి దిగి, లోపలి విషపు గాలికి నీ తమ్ముడు పైకి రాలేదు. ఈసారి తానే దిగుతానని మీ నాన్న పట్టుబట్టాడు. అందుకే నిచ్చెన నరికి పొయ్యిలో పెట్టాను.

"నిచ్చెనేదే?" అన్నాడు.

"చెదలు పట్టింది, తగలేశాను."

"మొన్న చేయించినదానికి చెదలా? పట్టింది నీ బుర్రకి! పోనీ, తాడుందిగా."

"ఎందుకయ్యా అంత పంతం?" అన్నాను.

"వాణ్ణి దింపింది నేనేగా" అన్నాడు.

ఆయన శుభ్రం చేయడానికి దిగడం లేదమ్మా. పొడిచే గేదెను తెచ్చి తొట్టి మూత పక్కనే కట్టేశాను. నన్ను తప్ప అది ఎవర్నీ దగ్గరికి రానివ్వదు కదా. పొద్దుటినుంచి దాన్ని ఓసారి తిడతాడు, ఓసారి బతిమాలతాడు. కానీ దానికి నెలలు నిండాయి, ఈనే వేళకి పాకలోకి మార్చక తప్పదు.

అల్లుడుగారితో చెప్పి, తొట్టి తోడే మోటారు మాట్లాడుకుని వెంటనే రండి. నీ ముందు ఆయన నోరెత్తడు. పాత దుప్పట్లుంటే తే, దూడ కింద పరవాలి. చంటిదానికి దగ్గు తగ్గిందా? దాన్నీ ఎత్తుకురా. మీరంతా చల్లగా ఉండాలి.

ఆలస్యం చెయ్యకు. తొట్టి ఎంత కంపుకొట్టినా సరే, అన్నం పెట్టవే అని కేకేసే మనిషి ఒకడు ఈ ఇంట్లో ఉండాలి నాకు.

మీ అమ్మ