కోలా గింజలు పంపవద్దు

టమాలె, బుధవారం

అజిందో అన్నకు,

నాకు రెండో పెళ్లి కుదిర్చి, శుక్రవారం పిల్ల వాళ్లింటికి సంబంధం ఖాయం చేసే కోలా గింజలు పంపుతున్నావని తెలిసింది. దయచేసి పంపవద్దు. అమ్మ కటుమిని గొడ్రాలంటోంది. లోపం నా భార్యది కాదు, నాది.

పోయిన వారం డాక్టరు పొద్దున్నే నా రక్తం తీయించాడు. మగవాళ్లకు ఉండాల్సిన హార్మోను బాగా తక్కువగా ఉందట. నా నిద్ర గురించి, బరువు గురించి, మందుల గురించి అడిగాడు.

“ఆ మత్తు నొప్పి మాత్రలు రోజుకెన్ని మింగుతావయ్యా?”

“నాలుగు. పెండలం మూటలు మోసేవాళ్లందరం మింగుతాం.”

“బాగుంది! మూటలు ఎత్తడానికి మింగి, మగతనం దించుకుంటున్నారన్నమాట!”

నా రోజువారీ లెక్కల పుస్తకంలో వెతికాను. మాత్రలు మొదలుపెట్టి నాలుగేళ్లు, పెళ్లయి మూడేళ్లు. ఒక్కసారిగా మానకూడదట. మెల్లగా తగ్గిస్తే కోలుకోవచ్చుగానీ మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు.

నిన్న కటుమికి చెప్పాను. “మీ అమ్మ కాచిన చేదు కషాయాలు మూడేళ్లు దగ్గరుండి తాగించావు. నువ్వు ఒక్క గుటకైనా వేశావా?” అంది.

ఈ ఉత్తరం అందేసరికే గింజలు వెళ్లిపోయి ఉంటే కబురు పెట్టు. నేనే వచ్చి, ఆ ఇంటి పెద్దల ముందు కూర్చుని, ఈ సంగతి నా నోటితో చెబుతాను.

నీ తమ్ముడు