పెద్దల్లుడి కొడుకు రెండో బంతిలోనా?

చీపురుపల్లి,
జూన్ 1968

బావమరిది నరసింగరావును పెద్ద బావ జగన్నాధం దీవించి రాసేది. మీ అక్క నారాయణమ్మ, నేను, గేదెలు బాగానే ఉన్నాం. మండిపోతున్నది నా కడుపొక్కటే.

ఒరే, మీ ఇంటికి పెద్దల్లుణ్ని నేనా, ఆ చిన్నల్లుడు గణపతిరావా? వాడి కొడుకు అప్పలసూరి విశాఖపట్నం కార్ఖానాలో అప్రెంటిసట! డబ్బులిచ్చి మరీ పని నేర్పుతారట! సంతలో మీ చిన్నక్క గురమ్మ ఊరంతా వినేలా "మావోడు మిషన్ల కాడ పన్సేస్తన్నాడు" అంటోంది. ఎంప్లాయిమెంట్ ఆఫీసులో గుమాస్తావి కదా, ఆ కబురు ముందు నాకు చెప్పాలా వద్దా? మా చినబాబు ఎస్సెల్సీ పాసై అరుగు మీద కూచున్నాడు.

ఇట్లు,
మీ ఇంటి పెద్దల్లుడు

తా.క.: అప్పలసూరి మిషను కంటే పెద్ద మిషను చూడు.

విజయనగరం

పెద్ద బావగారికి నరసింగం నమస్కారాలు.

అడగందే అమ్మైనా పెట్టదు. చిన్న బావ అడిగాడు, చెప్పాను. మీరిప్పుడు అడిగారు, చెబుతున్నాను. చినబాబు మార్కుల కాగితం పట్టుకొచ్చి మా ఆఫీసులో పేరు రాయించుకోవాలి. నెలనెలా స్టైపెండు, ఉండడానికి వసతి ఇస్తారు. మొదటి బేచ్ నిండిపోయింది. రెండో బేచ్‌లో చోటుంది. నెలాఖరు దాటితే అదీ ఉండదు.

మీ నరసింగం

తా.క.: మిషన్లు అందరికీ ఒకటే సైజు.

చీపురుపల్లి

ఒరే నరసింగం,

రెండో బేచా! మీ ఇంట్లో ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయి, పెద్దల్లుడు ఎప్పుడైనా రెండో బంతిలో కూచున్నాడా? మొదటి బంతికి బూరెలు, నెయ్యి. రెండో బంతికి అడుగంటిన చారు. నాకు తెలీదనుకున్నావా? అప్పలసూరిని లేపి, అక్కడ మా చినబాబును కూచోబెట్టు. మర్యాదంటే అది.

ఇట్లు,
ఇంకా పెద్దల్లుడే

తా.క.: మీ అక్క "మీ కుళ్లుకి కుర్రోడి బతుకేటైపోతాది?" అంటున్నాది. పట్టించుకోకు.

విజయనగరం

బావగారికి నమస్కారాలు.

ఇది భోజనాల బంతి కాదు మహాప్రభో! అన్ని బేచ్‌లకీ అదే చదువు, అదే స్టైపెండు. ముందు చేరినవాళ్ళు వెనక వచ్చినవాళ్ళకి కాస్త పని చూపిస్తారు, అంతే తేడా. గడువు దగ్గర పడింది, చినబాబును పంపండి.

మీ నరసింగం

తా.క.: అప్పలసూరి దగ్గరుండి నేర్పుతానన్నాడు.

చీపురుపల్లి

నరసింగం,

నేర్పుతాడా? గణపతిరావు కొడుక్కి నా కొడుకు శిష్యుడా? నా కంఠంలో ప్రాణం ఉండగా జరగదు. చినబాబును మీ అక్కతో శ్రీముఖలింగం మొక్కుకి పంపేశాను. గడువు దాటాకే వస్తారు.

జగన్నాధం

తా.క.: నిన్న గణపతిరావు నన్ను చూసి నవ్వాడు. ఎందుకు నవ్వాడో కనుక్కో.

విజయనగరం

బావగారూ, కూచుని చదవండి.

అక్కా చినబాబూ ఎక్కింది శ్రీముఖలింగం వైపు పోయే బండి కాదు. విజయనగరంలో దిగారు. ఎక్కించింది చిన్న బావ. నిన్న చినబాబు కార్ఖానాలో చేరిపోయాడు.

ఇన్నాళ్ళూ మీ దగ్గర ఒక మాట దాచాను. చిన్న బావ మొదట వచ్చి అడిగింది అప్పలసూరి కోసం కాదు. "మన సినబాబు బుర్రున్నోడు, ఆడికేదైనా దారి సూడరా. నానడిగినట్టు మీ పెద్ద బావకి తెలిస్తే పంపడు" అన్నాడు. అప్పటికి మీవాడి పరీక్షలు కాలేదు. ఊరుగాని ఊళ్ళో తోడుంటాడని తన కొడుకును ముందు పంపాడు.

మీ నరసింగం

తా.క.: అక్క మొక్కు తీర్చుకునే వస్తానంటోంది. మీ బుద్ధి బాగుపడాలని ఆ మొక్కు.

చీపురుపల్లి

ఒరే నరసింగం,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. నా కొడుకు గురించి నాకు రాని ఆలోచన వాడికొచ్చింది. వెంటనే వెళ్ళి గణపతిరావు చేతులు పట్టుకుందామని బయల్దేరాను. దారిలో, ఊళ్ళో కబుర్లన్నీ ఇంటింటికీ మోసే తాతమ్మ ఎదురై, "గణపతిరావు ఎంత మంచోడు బాబూ! ఈ సుట్టుపక్కల అలాటోడు లేడు" అంది. అంతే, వెనక్కొచ్చేశాను.

అంటే మంచితనంలో కూడా వాడే ముందా? వాడి రెండోవాడు వచ్చే ఏడు పరీక్ష రాస్తాడు. ఆ కుర్రాడికి మంచి చోటు ఇప్పట్నుంచే చూడు. వాడడగక ముందే నేనడుగుతున్నాను.

ఇట్లు,
జగన్నాధం

తా.క.: అడిగింది నేనని గణపతిరావుకి చెప్పకు. తాతమ్మకి చెప్పు.