రెండుసార్లు అడిగావట

తమ్మీ, నువ్వు పోయి నేటికి ఏడాది. ఆబిడ్స్‌లో స్తంభమెక్కి లైను బాగుచేస్తుండగా నీకు కరెంటు కొట్టింది. ఎవరికీ చెప్పకుండా తొందరపడి ఎక్కాడని మీ ఆఫీసువాళ్లు రాసుకున్నారు. నాయన కూడా అదే నమ్మాడు.

విచారణ కాగితాల నకలు ఇమ్మని నెలల తరబడి మీ ఆఫీసు చుట్టూ తిరిగాను.

"గవి బయటోళ్లకు ఇయ్యరమ్మా" అన్నాడు గుమాస్తా.

"నేను బయటిదాన్నెట్లయిత? వాని అక్కను."

అయినా ఇవ్వలేదు. చివరికి ఒక వకీలు చెబితే, పోలీసు పంచనామా నకలు కోసం నాంపల్లి కోర్టులో అర్జీ పెట్టాను. అది చేతికి రాగానే మెట్ల మీదే కూర్చుని చదివాను. నిచ్చెన పట్టుకున్న నీ జతగాడి వాంగ్మూలం అందులో ఉంది.

"లైను బంద్ అయిందా సాబ్?" అని ఇంజనీరును అడిగావట. ఔనన్నాడట. సగం ఎక్కి మళ్లీ అడిగావట. "ఔ, ఎక్కు" అన్నాడట.

నువ్వే పక్కన నిలబడి అడిగినట్టయి, తల తిప్పి చూశాను.

ఆ నకలు జతచేసి పైఅధికారికి పిటిషన్ పంపాను. విచారణ మళ్లీ తెరుస్తున్నామని, ఇంజనీరును సంజాయిషీ అడిగామని ఇవాళ జవాబు వచ్చింది. అప్పుడు గానీ నాయనకు చెప్పలేదు.

"వాడు అడిగిండా?"

"రెండుసార్లు అడిగిండు నాయనా."

నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత, ఇంట్లో ఉన్నవాణ్ణి పిలిచినట్టే నీ పేరు పెట్టి పిలిచాడు. జవాబు కోసం ఇద్దరం ఆగాం.